ఓర్కులకూ ఒక ఊరుంది

ఈ వారం ఎపిసోడ్ డ్యూటీ మీద వినలేకపోయిన వాళ్ళ కోసం, విన్నా మళ్ళీ ఒకసారి నిదానంగా చదువుకుందాం అనుకునే వాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. మాట్లాడేటప్పుడు మర్చిపోయిన రెండు మూడు సంగతులు కూడా ఇందులో కలిపాను.

ఈసారి చెప్పేది అసలు లేని ఒక జాతి చరిత్ర. ఓర్కులు. పచ్చటి ఒళ్ళు, బయటికి పొడుచుకొచ్చిన కోరలు, చేతిలో గొడ్డలి. ఇంగ్లీషు సినిమాల్లో, కంప్యూటర్ ఆటల్లో మీరు చూసే ఉంటారు. లేని జాతికి చరిత్ర ఏంటన్నా అని మా రూమ్‌లో తమ్ముడు నవ్వాడు. ఉంది. ఎవరో ఒకరు కూర్చుని రాశారు, ఇంకొకరు దాన్ని మార్చారు, మూడో తరం వాళ్ళు దాన్ని తిరగేశారు. దాదాపు 90 ఏళ్ళ కథ ఇది.

నాకు ఇది ఎట్లా తగులుకుందో ముందు చెప్తాను. పోయిన వెకేషన్‌లో ఇంటికి పోయినప్పుడు మా వాడు కంప్యూటర్ ముందు కూర్చుని ఏదో ఆడుతున్నాడు. ఎర్ర మట్టి నేల, ఎండ, అక్కడక్కడ చెట్లు. ఒక ఫోర్‌మన్ వీడికి ఒక దుడ్డుకర్ర ఇచ్చాడు. పని ఎగ్గొట్టి నిద్రపోతున్న కూలీలను వెతికి, ఆ కర్రతో ఒక్కటి ఇచ్చి లేపాలి. దెబ్బ పడగానే కూలీ లేచి, కట్టెలు కొట్టడానికి పోతాడు. మా వాడు నా వైపు తిరిగి, "డాడీ, అక్కడ నువ్వు చేసేది ఇదే కదా" అన్నాడు. నవ్వుకుంటూ అన్నాడు. మా ఆవిడ కూడా నవ్వింది. నేనూ నవ్వాను. కానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఎందుకు పట్టలేదో చివర్లో చెప్తాను.

మాట ఎక్కడిది

ఓర్క్ అనేది పాత ఇంగ్లీషు మాట. దయ్యం, భూతం లాంటి అర్థం. వెయ్యేళ్ళకు పైబడిన బేవుల్ఫ్ అనే కావ్యంలో ఈ మాటకు దగ్గరి రూపం ఒకటి కనిపిస్తుంది. దాన్ని దుమ్ము దులిపి బయటికి తీసింది జె. ఆర్. ఆర్. టోల్కీన్. ఆయన ఆక్స్‌ఫర్డ్‌లో పాత ఇంగ్లీషు పాఠాలు చెప్పే ప్రొఫెసర్. పుట్టింది మాత్రం 1892లో, దక్షిణాఫ్రికాలోని బ్లూమ్‌ఫాంటైన్‌లో. 1916లో ఫ్రాన్స్‌లో సోమ్ యుద్ధంలో సిగ్నల్స్ ఆఫీసర్‌గా పనిచేశాడు. బురద కందకాల్లో జ్వరం పట్టుకుని ఇంగ్లండ్ తిరిగొచ్చాడు.

1937లో వచ్చిన 'ది హాబిట్'లో ఈ జాతిని ఎక్కువగా గాబ్లిన్లు అనే పిలిచాడు. అక్కడ వాళ్ళు కొండల కింద సొరంగాలు తవ్వేవాళ్ళు, సుత్తులు, గొడ్డళ్ళు, పలుగులు బాగా చేసేవాళ్ళు. కాకపోతే చేయించేది ఎక్కువగా ఖైదీలతో, బానిసలతో. గాలీ వెలుతురూ లేక వాళ్ళు చచ్చేదాకా చేయిస్తారు. 1954, 55లో మూడు భాగాలుగా వచ్చిన 'ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్'లో ఓర్క్ అనే మాట స్థిరపడింది. అప్పటినుంచి ఓర్క్ అంటే చెడ్డవాళ్ళ సైన్యం. వేలకు వేలు వస్తారు, వేలకు వేలు చస్తారు, ఎవరూ ఏడవరు.

సినిమా చూస్తే ఇంతే కనిపిస్తుంది. పుస్తకంలో ఇంకొంచెం ఉంది. మన లాంటోళ్ళకు ఆ కొంచెమే ముఖ్యం.

మోర్డోర్‌లో డ్యూటీ

మొదటి సంగతి భాష. టోల్కీన్ ఓర్కుల్లో రకరకాల తెగలు. ఒక తెగ మాట ఇంకో తెగకు అర్థం కాదు. అందుకని కలిసినప్పుడు అందరికీ తెలిసిన సామాన్య భాషను ఎట్లా పడితే అట్లా విరిచి మాట్లాడుకుంటారు. ఓర్కులకు బందీగా చిక్కిన పిప్పిన్ అనే కుర్రాడు వాళ్ళ మాటలు తనకు అర్థమవుతున్నాయేంటని ఆశ్చర్యపోతాడు. కారణం ఇదే. ఇది చదివినప్పుడు మా సైట్ గుర్తొచ్చింది. మనోళ్ళు, నేపాలీలు, బంగ్లాదేశ్ వాళ్ళు, పఠాన్లు. అందరినీ కలిపేది విరిగిన హిందీ. "ఇదర్ ఆవో, ఓ ప్లై లావో, జల్దీ" అంటే చాలు, ఏ దేశపోడైనా వస్తాడు. ఆ హిందీ లక్నోలో మాట్లాడితే నవ్వుతారు. ఇక్కడ దానితో ముప్పై అంతస్తులు లేస్తాయి.

రెండోది నంబర్. మోర్డోర్‌లో పారిపోయిన వాళ్ళ జాడ వెతికే ఇద్దరు ఓర్కులు దారిలో కొట్లాడుకుంటారు. ఒకడు రెండోవాడిని, నీ పేరూ నీ నంబరూ పైవాళ్ళకు చెప్తానని బెదిరిస్తాడు. అంటే ప్రతి ఓర్కుకూ ఒక నంబర్ ఉంది. మన హెల్మెట్ మీద ఉన్నట్టే. నేను పద్దెనిమిదేళ్ళలో మూడు నంబర్లు మార్చాను. మొదటిది ఇప్పటికీ నోటికొస్తుంది.

మూడోది షాగ్రాట్, గోర్బాగ్ అనే ఇద్దరు ఓర్కు నాయకుల ముచ్చట. వేర్వేరు కోటల్లో డ్యూటీ చేసే పాత దోస్తులు. చాలా రోజులకు కలిశారు. పైవాళ్ళను తిట్టుకుంటారు. పెద్దోళ్ళు తప్పులు చేస్తారు, మాట పడేది మనమే అనుకుంటారు. ఈ యుద్ధం అయిపోతే నమ్మకస్తులను నలుగురిని తీసుకుని, నెత్తిమీద పెద్ద బాసులు లేని చోట బతకాలని కల కంటారు. అయితే ఆ చోటు పక్కనే దోచుకోవడానికి మంచి సరుకు కూడా ఉండాలంటారు. టోల్కీన్ వాళ్ళను మంచోళ్ళను చెయ్యలేదు. కొంచెం సేపటికే ఒక విలువైన కవచం దగ్గర రెండు గుంపులూ కొట్టుకుంటాయి. షాగ్రాట్ తన చేతులతోనే గోర్బాగ్‌ను చంపుతాడు.

నాలుగోది కొరడా. మారువేషంలో ఉన్న ఇద్దరు హీరోలు ఓర్కుల కవాతులో ఇరుక్కుంటారు. ఆ వరసలో ఉన్నవాళ్ళు చిన్నరకం ఓర్కులు. వాళ్ళకు యుద్ధం మీద ఇష్టం లేదు. ఎప్పుడు నడక అయిపోతుందా, కొరడా ఎప్పుడు తప్పుతుందా అన్నదే ధ్యాస. అట్లాంటి చిన్నరకం వాళ్ళను పెద్దరకం ఓర్కులు స్నాగా అని పిలుస్తారు. ఆ మాటకు అర్థం బానిస.

టోల్కీన్‌కు తెగని లెక్క

ఇక్కడ టోల్కీన్‌కు ఒక చిక్కు వచ్చింది. ఆయన గట్టి కాథలిక్కు. దేవుడు తప్ప ఇంకెవరూ ప్రాణం పొయ్యలేరని ఆయన నమ్మకం. మరి ఓర్కులను ఎవరు చేసినట్టు? పుట్టుకతోనే చెడ్డ జాతి ఒకటి ఉండొచ్చా? ఆయన పోయాక 1977లో కొడుకు క్రిస్టఫర్ అచ్చువేయించిన 'ది సిల్మరిలియన్'లో ఒక జవాబు ఉంది. మెల్కోర్ అనే దుష్టుడు ఎల్ఫ్‌లను పట్టుకుపోయి, చెరలో పెట్టి, మెల్లమెల్లగా హింసించి ఓర్కులుగా మార్చాడంటారు. భయంతో యజమానికి పని చేసినా, లోలోపల అతన్నే ద్వేషిస్తారు. ఈ జవాబు కూడా టోల్కీన్‌కు పూర్తిగా నచ్చలేదు. చివరి రోజుల దాకా మార్చి మార్చి రాసుకుంటూనే 1973లో పోయాడు.

ఆయన తప్పు కూడా ఒకటి చెప్పాలి. 1958లో ఒక సినిమా స్క్రిప్టు మీద అభిప్రాయం రాస్తూ, ఓర్కుల ముఖాలు ఎట్లా ఉండాలో చెప్పడానికి మంగోల్ జాతి ముఖాలను అందవిహీనంగా పోల్చాడు. దాని మీద ఇప్పటికీ విమర్శలు ఉన్నాయి, ఉండాల్సిందే. మన సైట్లో నేపాల్, ఫిలిప్పీన్స్ తమ్ముళ్ళ పక్కన కూర్చుని ఆ ముక్క చదివితే తల దించుకోవాల్సి వస్తుంది. అదే మనిషి 1944లో, రెండో ప్రపంచ యుద్ధం నడుస్తుండగా కొడుక్కి రాసిన ఉత్తరంలో, నిజ జీవితంలో ఓర్కులు రెండు పక్షాల్లోనూ ఉంటారని ఒప్పుకున్నాడు. ఈ రెండూ ఒకే చేతి రాతలు.

మనకు ఈ ప్రశ్న కొత్తేం కాదు. హిరణ్యకశిపుడి ఇంట్లో ప్రహ్లాదుడు పుట్టాడని చిన్నప్పుడే విన్నాం. జాతి చెడ్డదైనా పిల్లవాడు చెడ్డవాడు కానక్కర్లేదని మనకు కథల్లో తెలుసు. సైట్లో గుర్తుండదు, అంతే.

డ్రేనార్ సంగతులు

టోల్కీన్ తర్వాత ఓర్కులు ఆటల్లోకి దిగారు. 1974లో వచ్చిన 'డంజన్స్ అండ్ డ్రాగన్స్'లో ఉన్నారు, 1983లో మొదలైన 'వార్‌హ్యామర్'లో ఉన్నారు. 1994లో బ్లిజార్డ్ అనే అమెరికా కంపెనీ 'వార్‌క్రాఫ్ట్' తెచ్చింది. మొదట అందులోనూ ఓర్కులు మామూలు విలన్లే. మనుషుల లోకం మీదికి ఒక మాయద్వారం గుండా వచ్చిపడ్డ మూక. తర్వాత కథ రాసేవాళ్ళకు ఒక ప్రశ్న వచ్చింది. వీళ్ళు ఎక్కడినుంచి వచ్చారు? ఇంటి దగ్గర ఎట్లా బతికారు? 2001లో క్రిస్టీ గోల్డెన్ రాసిన 'లార్డ్ ఆఫ్ ది క్లాన్స్' నవల, 2002లో వచ్చిన మూడో ఆట, 2006 నాటి 'రైజ్ ఆఫ్ ది హోర్డ్' నవల కలిసి దానికి జవాబు చెప్పాయి.

వాళ్ళ ఊరి పేరు డ్రేనార్. అప్పుడు వాళ్ళ రంగు పచ్చ కాదు, గోధుమ. క్లాన్లుగా, అంటే తెగలుగా విడివిడిగా బతికేవాళ్ళు. ఒక్కో క్లాన్‌కు ఒక్కో నాయకుడు, ఒక్కో బతుకుతెరువు. బ్లాక్‌రాక్ వాళ్ళు ఇనుము పనిలో దిట్టలు. ఫ్రాస్ట్‌వుల్ఫ్ వాళ్ళు మంచు కొండల్లో తెల్ల తోడేళ్ళతో కలిసి ఉండేవాళ్ళు. అక్కడ తోడేలును మనిషి ఎంచుకోడు, తోడేలే తన మనిషిని ఎంచుకుంటుంది. షాటర్డ్ హ్యాండ్ క్లాన్ పుట్టుక వేరే. వాళ్ళు ఓగర్లు అనే భారీ జాతి దగ్గర బానిసలు. జనం చూసి ఆనందించడానికి వాళ్ళతో కొట్లాటలు పెట్టించేవాళ్ళు. చివరికి సంకెళ్ళు వదిలించుకోవడానికి తమ చేతులు తామే నరుక్కుని బయటపడ్డారు. తెగిన చోట కత్తి బిగించుకున్నారు. ఆ క్లాన్ పేరుకు అర్థం అదే.

గుళ్ళు గోపురాలు ఉండేవి కావు. షామన్ అనే పూజారి నేలను, నీళ్ళను, నిప్పును, గాలిని అడిగి సాయం తీసుకునేవాడు. అడగడం వరకే అతని పని, ఆజ్ఞాపించే అధికారం లేదు. చనిపోయిన పెద్దల ఆత్మలతో మాట్లాడటానికి ఓషుగున్ అనే పవిత్ర పర్వతానికి పోయేవాళ్ళు. ఏడాదికి రెండుసార్లు కోష్‌హార్గ్ పండగ. పగళ్ళూ రాత్రులూ సమానమయ్యే రోజుల్లో క్లాన్లన్నీ ఆ కొండ దగ్గర కూడేవి. ఆ రోజుల్లో కొట్లాటలు బంద్. మన జాతర లాగా, ఏడాదంతా మాట్లాడుకోని వాళ్ళు కూడా అక్కడ కలిసేవాళ్ళు.

పిల్లవాడు పెద్దవాడు కావాలంటే ఓమ్‌రిగ్గోర్ అనే కట్టుబాటు ఉంది. ఒంటరిగా అడవికి పోయి వేట తెచ్చుకోవాలి. నాయకుడి మీద అనుమానం వస్తే మక్‌గోరా. ఇద్దరే, అందరి ముందు, తేలేదాకా. ఆడవాళ్ళూ యుద్ధానికి పోతారు. డ్రాకా అనే ఆమె చిన్నప్పుడు రోగిష్టి పిల్ల. తర్వాత క్లాన్‌లో పేరున్న యోధురాలు అయ్యింది. వాళ్ళ కేక లోక్‌తార్ ఓగార్. గెలుపు, లేకపోతే చావు అని అర్థం.

యుద్ధం వాళ్ళ పండగల్లో, పెళ్ళిళ్ళలో, పేర్లలో ఉంది. కానీ అదొక్కటే లేదు. ముందు ఇది గుర్తుపెట్టుకోండి.

నెత్తురు తాగిన రోజు

కిల్‌జేడన్ అనే మాయావి, చనిపోయిన పెద్దల గొంతుతో ఓర్కుల ముసలి షామన్ నెర్‌జుల్‌ను నమ్మించాడు. పక్కనే శాంతంగా బతికే డ్రేనాయి అనే జాతి మీ నాశనం కోరుతోంది అన్నాడు. ఓర్కులు కత్తి పట్టారు. మోసం తెలిసి నెర్‌జుల్ వెనక్కి తగ్గితే, అతని శిష్యుడు గుల్‌డాన్ ముందుకొచ్చాడు. అడిగితే ఇచ్చే పాత శక్తుల బదులు, లాక్కునే కొత్త శక్తి నేర్పాడు. క్లాన్లన్నిటినీ కలిపి హోర్డ్ అనే ఒక్క సైన్యం చేశారు. ఆ తర్వాత మన్నొరాత్ అనే రాక్షసుడి నెత్తురు నాయకులకు తాగించారు. మొదట తాగింది గ్రోమ్ హెల్‌స్క్రీమ్. ఫ్రాస్ట్‌వుల్ఫ్ నాయకుడు డ్యూరొటాన్ తాగనన్నాడు, తన వాళ్ళనూ తాగనివ్వలేదు.

ఆ మాయ పాకిన చోటల్లా ఒంటి రంగు పచ్చబడింది. నెత్తురు ముట్టని వాళ్ళ పిల్లలు కూడా పచ్చగానే పుట్టారు. నేల ఎండింది, నీళ్ళు పోయాయి. సొంత ఊరు తిండి పెట్టని స్థితి వచ్చాక మాయద్వారం తెరిచి ఇంకో లోకం మీద పడ్డారు.

ఇక్కడ వాళ్ళను వెనకేసుకు రావద్దు. డ్రేనాయి పిల్లలను కూడా చంపారు. మోసపోయాం అంటే ఆ నెత్తురు పోదు. కథ రాసినవాళ్ళు కూడా వాళ్ళను అంత సులువుగా వదల్లేదు. ఒకడు తాగాడు, ఒకడు తాగలేదు. అంటే తాగకుండా ఉండే దారి ఉంది.

క్యాంపులు

రెండో యుద్ధంలో ఓర్కులు ఓడిపోయారు. చంపేద్దామని కొందరు రాజులు అన్నారు. చివరికి చుట్టూ గోడలు కట్టి క్యాంపుల్లో పెట్టారు. అక్కడ వింత జరిగింది. అంత భయంకరమైన యోధులు గోడకు ఆనుకుని, ఎటో చూస్తూ కూర్చునేవాళ్ళు. తినమంటే తింటారు, లేకపోతే లేదు. కాపలావాళ్ళు దాన్ని బద్ధకం అనుకున్నారు. ఇది పనికిమాలిన జాతి అని రాసుకున్నారు. అసలు సంగతి వేరు. ఏళ్ళ తరబడి ఒంట్లో పారిన ఆ రాక్షస శక్తి ఒక్కసారి తెగిపోతే మనిషి గుల్లయిపోయాడు.

డ్యూరొటాన్, డ్రాకాల పసికందు ఒక మనిషి చేతికి చిక్కాడు. ఆ దొర వాడికి థ్రాల్ అని పేరు పెట్టాడు. ఇంగ్లీషులో బానిస అని అర్థం. జనం ముందు కొట్లాడటానికి పెంచాడు. టరెతా అనే మనిషి పిల్ల వాడిని చెల్లెలి లాగా చూసుకుని, పారిపోవడానికి సాయం చేసింది. దానికి ప్రాణం పోగొట్టుకుంది. థ్రాల్ తన భాష, తన క్లాన్, తన షామన్ విద్య పెద్దవాడయ్యాక నేర్చుకున్నాడు. తర్వాత కావాలని క్యాంపులోకి పోయి, గోడకు ఆనుకున్న వాళ్ళను తట్టి, మీరు ఎవరో మీకు గుర్తుందా అని అడిగాడు. అట్లా ఒక్కో క్యాంపు తెరుచుకుంది. సముద్రం దాటి ఎర్ర మట్టి నేల మీద ఊరు కట్టుకున్నారు. దేశానికి తండ్రి పేరు మీద డ్యూరొటార్, రాజధానికి ఆర్గ్రిమ్ అనే పెద్దాయన పేరు మీద ఆర్గ్రిమార్. బానిస అన్న పేరును మాత్రం థ్రాల్ అప్పుడు మార్చుకోలేదు.

ప్యూన్

మా వాడు కర్రతో లేపింది ఆ డ్యూరొటార్‌లోనే. బానిసత్వం నుంచి బయటపడ్డ వాళ్ళు కట్టుకున్న ఊళ్ళో కూడా ఫోర్‌మన్ ఉన్నాడు, కర్ర ఉంది, నిద్రపోయే కూలీ ఉన్నాడు. ఆటలో ఆ కూలీలను పియాన్లు అంటారు. ఇల్లు కట్టేది వాళ్ళు, కట్టెలు కొట్టేది వాళ్ళు, బంగారం తవ్వేది వాళ్ళు. గొడ్డలి పట్టిన యోధుల పేర్లు కథలో ఉంటాయి. వాళ్ళ పేర్లు ఉండవు.

ఈ మాట మనకు తెలిసిందే. మన ఆఫీసుల్లో ప్యూన్ అంటామే, అదే. లాటిన్‌లో కాలు అనే మాట నుంచి వచ్చింది. పోర్చుగీసు వాళ్ళ దగ్గర కాలినడకన పోయే బంటు, మన దేశంలో బంట్రోతు అయ్యింది. స్పానిష్ వాళ్ళ దగ్గర అమెరికా ఖండానికి పోయి, అప్పు తీర్చడానికి పనిచేసే కూలీ అయ్యింది. నేను నూటికి మూడు రూపాయల మిత్తికి తెచ్చి ఏజెంట్‌కు కట్టి వచ్చినోణ్ణి. మొదటి రెండేళ్ళ జీతం ఆ మిత్తికే పోయింది. ఆ స్పానిష్ అర్థం నాకు డిక్షనరీ చూడకుండానే తెలుసు.

ఇక నిద్ర పట్టని సంగతి. నేను కొత్తగా సూపర్‌వైజర్ అయిన ఏడాది, ఎండాకాలం. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా పన్నెండున్నర నుంచి మూడింటి వరకు బయట పని బంద్ అన్న రూల్ ఉంది కదా, ఆ రోజులు. బ్రేక్ ఇంకా కాలేదు, పొద్దున పదిన్నర. షట్టరింగ్ ప్లైల వెనక ఒక హెల్పర్ పడుకుని ఉన్నాడు. వేరే దేశపోడు. బూటుతో అతని బూటును తన్ని లేపాను. టైమ్‌షీట్‌లో సగం రోజు కొట్టేశాను. ఇంజనీర్ అడిగితే "ఆ దేశపోళ్ళంతా ఇంతే సార్, పని దొంగలు" అన్నాను. ఐటీఐలో నాకు లెవెల్ చూడటం, డ్రాయింగ్ చదవడం నేర్పారు. మనిషిని చదవడం సిలబస్‌లో లేదు.

నాలుగు రోజుల తర్వాత క్యాంపు బాయ్ చెప్పాడు. వాళ్ళ రూమ్‌లో ఏసీ పాడై అప్పటికి వారం. ఎనిమిది మంది రాత్రుళ్ళు డాబా మీద కూర్చుని తెల్లారగడుతున్నారు. ఏసీ బాగు చేయించమని ఫోన్ చేసాను, అయ్యింది. ఆ సగం రోజు మాత్రం తిరిగి రాయలేదు. రాస్తే నా తప్పు ఒప్పుకున్నట్టు అవుతుందని భయం. అతను కాంట్రాక్ట్ అయ్యాక వెళ్ళిపోయాడు. నాతో మళ్ళీ నేరుగా మాట్లాడలేదు. సారీ చెప్పలేదు నేను.

క్యాంపు కాపలావాళ్ళు ఓర్కుల గురించి రాసుకున్నదీ, నేను టైమ్‌షీట్‌లో రాసిందీ ఒకటే. కళ్ళ ముందు కనిపించిన దాన్ని పుట్టుక అనుకున్నాం. దాని వెనక ఏం జరిగిందో అడగలేదు. మన గురించి కూడా ఇక్కడ పైవాళ్ళు ఏదో ఒక మాట అనుకుంటూనే ఉంటారు. అది మనకు చెవిన పడ్డ రోజు ఎంత మండుతుందో మీకు తెలుసు.

ఓర్కుల కథ మారడానికి చాలా ఏళ్ళు పట్టింది. 2024లో వచ్చిన 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' కొత్త ఆటగాళ్ళ పుస్తకంలో, ఎవరైనా తమ హీరోగా ఎంచుకునే జాతుల్లో ఓర్క్ కూడా ఒకటి. మారింది ఎట్లా అంటే, ఎవరో ఒకరు వీళ్ళ ఊరు ఏది అని అడిగారు కాబట్టి.

ఇప్పుడు నేను ఎవరైనా పడుకుని కనిపిస్తే ముందు నీళ్ళ బాటిల్ ఇచ్చి, రాత్రి నిద్ర పట్టిందా అని అడుగుతున్నాను. కొందరు నిజంగానే పని ఎగ్గొడతారు, అది కూడా తెలుస్తుంది. వాళ్ళకు టైమ్‌షీట్ ఎట్లాగూ ఉంది. కానీ దాంట్లో ఆ మనిషి పేరే రాస్తాను, దేశం పేరు రాయను.

మీ సైట్లో, మీ క్యాంపులో ఇట్లాంటిది ఏదైనా జరిగి ఉంటే వాయిస్ మెసేజ్ పంపండి. కంపెనీ పేరు, మనిషి పేరు వద్దు, సంగతి చాలు. శుక్రవారం మళ్ళీ కలుద్దాం. నీళ్ళు తాగుతూ ఉండండి.